గుంటల మీది గాయాలు

జూలై 7

క్యాంపు మైపాడు దాటి, రొయ్యల గుంటల దగ్గర. గుంటల మీద పనిచేసేవాళ్ళకి పన్ను తీశాక ఆ గాయం ఎలా మానుతుందో చూడాలి — నా థీసిస్ అంతా ఈ ఒక్క వాక్యమే. దీనికోసం ఇంకా ఎన్ని ఎండలు తినాలో.

కాపలా ఉండే మస్తానయ్యకి కింది దవడ చివరి పన్ను తీశాను. పీకుతున్నంతసేపూ కళ్ళు మూసుకోలేదు. నన్నే చూస్తున్నాడు. "నొప్పిగా ఉందా పెద్దాయనా?" అంటే, దూది నోట్లో ఉండగానే, "గుంటలో గాలి కొట్టే ఏరియేటర్లు ఆగి రొయ్యలు తేలినప్పటికన్నానా తల్లీ!" అన్నాడు. నవ్వాపుకోలేకపోయాను. ఆయన మేనల్లుడు పెంచలయ్యకీ అదే పన్ను తీశాను. వీడు మాత్రం కుర్చీ ఎక్కకముందే కేకలు. ముప్పై ఏళ్ళ మనిషి!

జూలై 10

మళ్ళీ గుంటల మీదికి. అందరి నోళ్ళూ చూశాను. మామాఅల్లుళ్ళ గాయాలు ఎంత శుభ్రంగా ఉన్నాయో... వాపు లేదు, ఎరుపు లేదు. ఫోటోలు చూసి గైడ్ సార్ ఫోన్లోనే మురిసిపోయారు. "ఉప్పుగాలి పడినట్టుందమ్మా వీళ్ళకి."

నాకే నచ్చలేదు. ఇంత తొందరగా మానవు. గాయం అంచున పసుపుపచ్చ మరక. "పసుపు పెట్టారా?" అని అడిగితే పెంచలయ్య కాస్త ఆగి, "ఆ... పసుపే మేడమ్." మస్తానయ్య గుంట వైపు తిరిగి నిలబడ్డాడు. వాసన చూశాను. పసుపు కాదు.

జూలై 11

వాన. ఆ మరకే కళ్ళలో మెదులుతోంది. అమ్మ అంటుంది కదా, కీడెంచి మేలెంచమని. నాకు మొదటి సగమే వచ్చు.

జూలై 14

మస్తానయ్య భార్య రమణమ్మ ఫోన్. "ఆయనకు గడ్డం కింద వాచిందమ్మా. గంజి కూడా దిగలా."

తీసుకురమ్మన్నాను. "పట్టుబడి అయినాక వస్తాడంట." రొయ్యలు పట్టే వారం, కాపలా వదిలి కదలడట. అరిచేశాను. రొయ్యలు పోతే మళ్ళీ వేసుకుంటారు అక్కా, ఇప్పుడే ఆటో ఎక్కించు.

సాయంత్రానికి మా కాలేజీకి వచ్చాడు. మెడ చెక్కలా గట్టిపడింది. నాలుక అంగిలికి అంటుకుపోయినట్టు పైకి లేచింది. పడుకోబెడితే ఊపిరి ఆడటం లేదు. సార్ ఒక్కసారి చూసి, ఇక్కడ కాదు అన్నారు. పెద్దాసుపత్రికి పరుగు. దవడ కింది చీము గొంతులోకి దిగుతోందట. గొంతుకి రంధ్రం పెట్టి గొట్టం వేశారు.

తల్లీ అని పిలిచిన గొంతు. భయంగా ఉంది నాకు.

జూలై 15

మందులు ఎక్కుతూనే ఉన్నాయి. జ్వరం దిగడం లేదు. డ్యూటీ డాక్టర్ అడిగిందే అడుగుతున్నాడు — ముందు ఏం వాడాడు? ఏ మందు పడిందో తెలిస్తే ఏది వదిలేయాలో తెలుస్తుంది.

రమణమ్మ: "ఏం వాడలా."

పెంచలయ్య: "ఏం వాడలేదు మేడమ్." నేల చూస్తూ. ఇద్దరిదీ ఒకే మాట, ఒకే తీరు. పట్టుకుని ఊపేయాలనిపించింది.

జూలై 16

రమణమ్మకి టీ ఇప్పించాను. తాగలేదు. గ్లాసు పట్టుకుని కూర్చుని, నా వైపు చూడకుండా చెప్పింది.

"రొయ్యలకు జబ్బొస్తే మేతలో కలిపే పొడి ఉంటాదమ్మా. చేతికి రొయ్య ముల్లు గుచ్చుకుంటే మేం అదే చల్లుకుంటాం. తెల్లారేసరికి ఎండిపోతాది. రొయ్యకు పడింది మనిషికి పడదా అని, పన్ను సందులో కూరుకున్నాడు."

ఎన్నేళ్ళుగా?

"గుంటలు వచ్చినప్పటి నుంచీ. అందరం."

మరి నిన్న ఎందుకు చెప్పలేదు? "ఆ మందు రొయ్యలకు వెయ్యకూడదంట గదమ్మా. బయటికి పొక్కితే సరుకు ఎవురూ ఎత్తరు. లారీలు పొయ్యేదాకా గుట్టుగా ఉండమని ఓనరు చెప్పినాడు." అప్పుడు ఏడ్చింది. నాకు కోపం రావాలి. రాలేదు. జాలి కూడా కాదు, ఏదో భారం.

డాక్టర్‌కి చెప్పాను. చిన్న చిన్న గాయాల మీద ఏళ్ళ తరబడి ఆ మందు... దానికి అలవాటుపడిన క్రిములు మిగిలి ఉంటాయి అన్నాడు. పైన ఎండినట్టు కనిపించి లోపల ఉడికింది.

జూలై 17

చీము పరీక్ష రిపోర్ట్ వచ్చింది. మామూలు మందులు దేనికీ లొంగడం లేదు. ఒకే ఒక్కటి మిగిలింది. మొదలుపెట్టారు.

గైడ్ సార్ — "ఈ కేసుని స్టడీలోంచి తీసెయ్యమ్మా."

"తీసేస్తే మిగిలినవన్నీ బాగున్నట్టే కనిపిస్తాయి సార్."

సార్ మెల్లగా: "క్యాంపులో పళ్ళు తీసిన వాళ్ళందరికీ ఫోన్ చెయ్యి. ఇప్పుడే."

జూలై 18

మస్తానయ్యకి జ్వరం అలాగే ఉంది. కళ్ళు తెరిచాడు. నన్ను గుర్తుపట్టాడో లేదో.

పొద్దుటి నుంచి ఫోన్లే. "బాగుండాం మేడమ్" — ఎవరిని అడిగినా ఇదే. బాగుండాం అంటే నమ్మే రోజులు పోయాయి నాకు. నోరు వెడల్పుగా తెరవండి, ఎన్ని వేళ్ళు పడతాయో చెప్పండి అంటున్నాను — లోపల చీము పడితే ముందు దవడే బిగుస్తుంది. నవ్వుతున్నారు.

పెంచలయ్య ఆసుపత్రిలో కనబడలేదు. "వాడు పట్టుబడికి పోయినాడమ్మా" అంది రమణమ్మ.

ఫోన్ ఎత్తాడు. వెనకాల ఐసు పగలగొడుతున్న చప్పుడు, కేకలు. మాట పళ్ళ మధ్య నుంచి నలిగి వస్తోంది.

"నోరు సరిగ్గా తెరుచుకోలా మేడమ్. నిన్నటి నుంచి."

"ఆ పొడి మళ్ళీ వేశావా?"

"రేత్రి వేసుకున్నా. తగ్గిపోతాదిలే."

"మామకి ఏమైందో చూశావు కదయ్యా!"

"మామకు పొడితో రాలేదు మేడమ్. మీరు పన్ను పీకినందుకు వచ్చింది. ఇక్కడ అందరూ అదే అంటుండారు." కోపంగా కాదు, నన్ను ఓదారుస్తున్నట్టు అన్నాడు. నేను పీకకపోతే ఆ గాయమే లేదు, అదీ నిజమే. "లారీ ఎత్తంగానే వస్తాలే" అని పెట్టేశాడు.

మళ్ళీ చేశాను. ఎత్తలేదు. సార్‌కి చెప్పి గుంటలకి ఆటో ఎక్కాను. కుదుపులకి అక్షరాలు ఎటో పోతున్నాయి. ఇందుకూరుపేట దాటాం. ఎదురుగా ఐసు నీళ్ళు కార్చుకుంటూ లారీలు వస్తున్నాయి, ఒకదాని వెనక ఒకటి. పట్టుబడి అయిపోయినట్టుంది.

అవతల పెంచలయ్య ఫోన్ మోగుతోంది. ఎత్తడం లేదు.