నర్సుకు చెప్పని పేరు

నవంబరు 5
పాజిటివ్.
నర్సు రెండుసార్లు చెప్పింది. రెండుసార్లూ తల ఊపాను. రోజుకొక మాత్ర, మామూలుగా బతకొచ్చు... అన్నీ వినబడుతూనే ఉన్నాయి. తర్వాత అడిగింది — ఈ మధ్య ఎవరితోనైనా ఉన్నావా, పేరు చెబితే మేమే ఫోన్ చేసి టెస్టుకి పిలుస్తాం, నీ పేరు బయటికి రాదు.
ఎవరూ లేరన్నాను.

నవంబరు 6
శ్రావణి. ఇక్కడి కాలేజీలో నా క్లాసే. మే నుంచి ఆగస్టు దాకా. తర్వాత ఇండియాలో వాళ్ళింట్లో సంబంధం కుదిర్చారు, ఇద్దరం బస్టాపులో ఏడ్చాం, అయిపోయింది. అలాంటి పిల్ల పేరు హెచ్ఐవీ కాగితం మీద రాయిస్తానా? పెళ్ళి కావలసిన పిల్ల! నోరు మూసుకుని మంచిపనే చేశాను.

నవంబరు 17
వేర్‌హౌస్‌లో నా లైన్‌లోనే మాతియో, కొలంబియా మనిషి. లంచ్‌లో నేను దొంగచాటుగా మాత్ర మింగడం చూశాడు. జేబులోంచి తన డబ్బీ తీసి చూపించాడు. అదే మాత్ర. ఎనిమిదేళ్ళుగానట.
శనివారం లైబ్రరీ గదిలో ఈ మాత్ర వేసుకునే స్పానిష్ వాళ్ళంతా కూర్చుంటారు, రమ్మన్నాడు. తెలుగువాళ్ళెవరూ రారు కదా అని అడిగాను. పడీపడీ నవ్వాడు.

నవంబరు 19
వెళ్ళాను. పదిమంది దాకా ఉన్నారు. ఒక్క ముక్క అర్థం కాదు, అందుకే ప్రాణం హాయిగా ఉంది. నేను అద్దెకుండే బేస్‌మెంట్‌లో ఏడుగురం తెలుగువాళ్ళం. అక్కడ తుమ్మితే గుంటూరులో తెలుస్తుంది.
బిస్కెట్ల ప్లేటు వెనకే కండోముల బుట్ట తిప్పారు. ఒక పెద్దావిడ నా జేబులో గుప్పెడు కుక్కింది. మందు రోజూ వేసుకుని, టెస్టులో వైరస్ కనబడనంత తగ్గి అలాగే నిలిస్తే, కలిసినా అవతలివాళ్ళకి అంటదట. మాతియో నాకోసం ఇంగ్లీషులో మళ్ళీ చెప్పాడు.
కొత్తగా వచ్చినవాళ్ళని అందరూ ఒకటే అడుగుతారట — నువ్వు ఇంకా ఎవరికి చెప్పాలి?
బిస్కెట్ తింటూ కూర్చున్నాను.

డిసెంబరు 1
మాతియోకి శ్రావణి సంగతి చెప్పేశాను. ఎత్తిన డబ్బా కింద పెట్టేశాడు.
"పేరు దాచావు సరే. ఆ అమ్మాయి ఒంట్లో ఉంటే?"
పెళ్ళి చెడుతుందన్నాను. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని మాలో సామెత అన్నాను. వాడికి కోపం వచ్చింది. వాడికి అంటించినవాడూ ఇలాగే ఊరుకున్నాడట. జబ్బు ముదిరి ఆసుపత్రిలో పడ్డాకే తెలిసిందట.
"చెప్పుంటే తిట్టేవాణ్ణి. తిట్టి, టెస్టుకి వెళ్ళేవాణ్ణి."

డిసెంబరు 2
నర్సుకి ఫోన్ చేసి పేరు చెప్పాను. నంబరూ ఇచ్చాను.
గంటలో తిరిగి చేసింది. నంబరు పనిచేయడం లేదు.
శ్రావణి పోయిన వారమే విజయవాడ వెళ్ళిపోయిందట, క్లాస్ గ్రూపులో అడిగితే తెలిసింది. అక్కడి వాళ్ళకి మేం ఫోన్ చేయలేం, నువ్వే చెప్పాలి — నర్సు.
నేను పేరు దాచిన రోజున శ్రావణి రెండు బస్టాపుల అవతలే ఉంది.

డిసెంబరు 3
వాట్సాప్ చేశాను. అర్జెంట్, ఒక్కసారి మాట్లాడాలి, నీ ఆరోగ్యం గురించి...
ఆ చివరి మాట కొట్టేసి పంపాను. పిరికివెధవని.
జవాబు వచ్చింది. "ప్లీజ్ రా. ఇప్పుడు ఇవన్నీ వద్దు. నన్ను మర్చిపో."
వెంటనే బ్లాక్.

డిసెంబరు 5
మెయిల్‌లో ఈసారి అంతా రాశాను. కాలేజీ మెయిల్ తప్ప వేరేది తెలీదు. శ్రావణి ఇప్పుడు దాన్నెక్కడ చూస్తుంది?

డిసెంబరు 8
వాళ్ళక్క నంబరు దొరికింది. చేశాను. "ఎవరండీ?" అంది. వెనక మేళం, పిల్లల గోల. శ్రావణి ఫ్రెండ్‌ని, ఒకసారి ఫోన్ ఇస్తారా అన్నాను. "పెళ్ళికూతుర్ని చేస్తున్నామండీ, తర్వాత చేయండి."
తర్వాత ఎత్తలేదు.

డిసెంబరు 10
గ్రూపులో పెళ్ళి లైవ్ లింకు పెట్టారు. అక్కడ రాత్రి ముహూర్తం, ఇక్కడ పొద్దున తొమ్మిదిన్నర. శనివారం. మాతియో వాళ్ళు ఈపాటికి కుర్చీలు వేస్తుంటారు.
జీలకర్ర బెల్లం పెడుతున్నారు. శ్రావణి నవ్వుతోంది. కెమెరా ఆ అబ్బాయి మీదికి తిరిగింది. అతనూ నవ్వుతున్నాడు. అతనికేం తెలుసు!
కింద కామెంట్లు వచ్చిపడుతున్నాయి, హ్యాపీ మ్యారీడ్ లైఫ్, హ్యాపీ మ్యారీడ్ లైఫ్.
ఆ కామెంట్ పెట్టెలో నేనూ 'శ్రావణీ' అని కొట్టాను. ఇంకా పంపలేదు.