ఎముక మీద వేలిముద్రలు

జూలై 9, బుధవారం, ఉదయం 11

పాప తొడ ఎముక విరిగింది. నా మనవరాలు. నాలుగు నెలల పిల్ల. డైపర్ మారుస్తుంటే విరిగిందట. మారుస్తున్నది అల్లుడు.

డైపర్ మారిస్తే ఎముకలు విరుగుతాయా? ఇరవై ఏళ్లుగా ఇలాంటి కథలు వింటున్నాను. మంచం మీంచి పడింది, మెట్ల మీద జారింది, తలుపు తగిలింది. ఈ దేశంలో మంచాలకీ మెట్లకీ తలుపులకీ పిల్లలంటే అంత పగ. మనుషులకి మాత్రం ఎంత ప్రేమో!

అదే రోజు, మధ్యాహ్నం 3

ఎక్స్‌రే చూశాను. తొడ ఒక్కటే కాదు. కుడివైపు రెండు పక్కటెముకలు విరిగి అతుక్కుంటున్నాయి. అంటే రెండు మూడు వారాల పాతవి.

డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టరు నసిగాడు. ఎముకల మేడం సోమవారం వస్తారండీ, ఆవిడ చూశాక ఆలోచిద్దాం అన్నాడు. చట్టం చదివావా బాబూ అని అడిగాను. ఆ చట్టం కోసం నేను రోడ్డు మీద కూర్చున్న రోజుల్లో నువ్వు పలక నాకుతూ ఉండి ఉంటావని కూడా అన్నాను. అనుమానం వస్తే చాలు, రిపోర్ట్ చేసి తీరాలి. అతను ఇంకా గోళ్లు గిల్లుకుంటుంటే నేనే వరండాలోకి వచ్చి హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేశాను. పేరు చెప్పగానే అవతలి అమ్మాయి, మీ ట్రైనింగ్‌కి వచ్చాను మేడం, మీ పుస్తకం నా దగ్గరుంది అని సంబరపడింది.

అల్లుడు టైల్స్ మేస్త్రీ. అరచేతులు గరుకు కాగితంలా ఉంటాయి. అమ్మాయి అతన్ని చేసుకుంటానన్నప్పుడు చుట్టాలందరూ మూతులు తిప్పారు. నేను మాత్రం శ్రమ చేసే చేతుల గొప్పతనం మీద ఏకంగా ఒక వ్యాసం రాశాను. ఇవాళ బెంచీ మీద కూర్చుని ఆ చేతులనే చూస్తూ ఉండిపోయాను.

జూలై 10

బాలల కమిటీ వాళ్లు పాపని తీసుకెళ్లారు. విచారణ తేలేదాకా శిశు గృహంలో ఉంచుతారు. కాలికి కట్టు, ఒంటి మీద గళ్ల తువ్వాలు. అమ్మాయి పాలతో తడిసిన జాకెట్టుతో గేటు దాకా పరిగెత్తింది. తిరిగి వచ్చి నాతో ఒక్కటే మాట అంది. నువ్వు అమ్మవి కాదు, కమిటీవి అని.

అల్లుడు చేతులు రెండూ చంకల్లో దాచుకుని నిలబడ్డాడు. తప్పు చేసినవాడే చేతులు దాచుకుంటాడు. నాకు తెలుసు.

జూలై 11

బాలల కమిటీ ఆఫీసుకి వెళ్లి వాంగ్మూలం ఇచ్చి వచ్చాను. గోడ మీద పోస్టరు. "పిల్ల చెప్పలేదు. ఎముక చెబుతుంది. ఎముక అబద్ధం ఆడదు." ఆ వాక్యం నాదే. ప్రతి ఆసుపత్రిలోనూ అతికించారు. నా పుస్తకం మొదటి వాక్యం కూడా అక్కడందరికీ కంఠతా వచ్చు. "నా ఏడో ఏట మా నాన్న నా చెయ్యి విరిచాడు."

ఇంటికొచ్చేసరికి మా అమ్మ అన్నం తినకుండా కూర్చుంది. ఎనభై ఏళ్ల మనిషి. అలిగితే ఎనిమిదేళ్ల పిల్ల. పాపని తీసుకురాకుండా ఎందుకొచ్చావే అంది. ఇక పాత పాట ఎత్తుకుంది. మీ నాన్న నిన్ను కొట్టలేదే తల్లీ, లారీ కింద పడబోతుంటే చెయ్యి పట్టి లాగాడే, నలభై ఐదేళ్ల నుంచీ మొత్తుకుంటున్నాను, నీకు చెవికెక్కితేగా! అప్పుడు పుస్తకంలో ఆయన్ని ఉరి తీశావు, ఇప్పుడు ఈ పిల్లాడు దొరికాడు నీకు అంది.

మొగుడు చేసిన ప్రతి దానికీ కారణం వెతికిపెట్టే తరం అది. నాకు గుర్తున్నది లారీ కాదు. నా మణికట్టు చుట్టూ ఆయన పిడికిలి. ఒక చప్పుడు. ఆయన మొహం, అరుస్తూ. అంతే. ఆ తర్వాత పోయేదాకా ఆయన నన్ను ముట్టుకోలేదు. ఒక్కసారి కూడా. జ్వరం వచ్చినా అమ్మనే పంపేవాడు. పశ్చాత్తాపం కూడా లేని చెయ్యి అది అని పుస్తకంలో రాశాను.

జూలై 14, సోమవారం, ఉదయం 9

బాత్రూం కిటికీ గడియ బిగుసుకుపోయింది. గట్టిగా లాగాను. మణికట్టు విరిగింది.

నొప్పి సంగతి తర్వాత. చప్పుడు. అదే చప్పుడు.

అదే రోజు, సాయంత్రం 5

ఎడమ చేత్తో రాస్తున్నాను. కోడి కెలికినట్టుంది.

ఎక్స్‌రే తీసే పెద్దాయన ముందు మణికట్టు తీశాడు. ఫిల్ము చూసి, ఇంకోటి తీద్దామమ్మా అని మోచేయి తీశాడు. తర్వాత భుజం, పక్కటెముకలు. తర్వాత తలుపు దగ్గరకు వేసి, గొంతు తగ్గించి, ఎవరు కొడుతుంటారమ్మా మిమ్మల్ని అని అడిగాడు. నాలుగు చోట్ల పాత విరుపులున్నాయట. నన్నెవరు కొడతారయ్యా, కొట్టాల్సిన మొగుడు పోయి పదకొండేళ్లయింది అన్నాను. మొదట్లో అందరూ అలాగే అంటారమ్మా, భయపడకండి అని గోడ మీది పోస్టరు చూపించాడు.

నాకే. నా పోస్టరు.

నాలుగూ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. సభలో మైకు స్టాండు పడబోతే పట్టుకున్న రోజు. బస్సు కుదుపుకి కడ్డీ గుద్దుకున్న రోజు. బెణికిందనుకుని గుడ్డ కట్టుకుని పనులు చేసుకున్నాను. ఎవరూ కొట్టలేదు. నేను చెబుతున్నాను, ఎవరూ కొట్టలేదు. నమ్మమని ఆ పెద్దాయన్ని దాదాపు బతిమాలాను.

ఎముకల డాక్టరమ్మ ఫిల్ము కంటే ముందు నా కళ్లు చూసింది. రెప్ప లాగి టార్చి వేసింది. తెల్లగుడ్డు నీలంగా ఉంది, మీ ఇంట్లో ఇంకెవరికైనా ఉందా అని అడిగింది. మా ఇంటి కళ్లు అవి. నాన్నవి, నావి, అమ్మాయివి, మొన్న ఇక్కడికి తెచ్చిన మనవరాలివి అని చెప్పాను. పాప పుట్టినప్పుడు నీలి కళ్ల బంగారం అని నేనే ముద్దు చేశాను. మీ నాన్నగారికి నడివయసులోనే చెవుడు వచ్చిందా అంది. వచ్చింది. ఆవిడ కుర్చీ దగ్గరకు లాక్కుంది. పొద్దున్నే మీ మనవరాలి ఫైలు చూశానండీ, ఎవరండీ అంత తొందరపడి రిపోర్ట్ చేసింది అని విసుక్కుంది.

నేనే అన్నాను.

జూలై 15

డాక్టరమ్మ అమ్మాయినీ అల్లుడినీ నన్నూ కూర్చోబెట్టి చెప్పింది. ఎముక ఎండు కర్ర కాదట. ప్రాణమున్నదట. నిలబెడుతుంది, గుండెనీ ఊపిరితిత్తుల్నీ పంజరంలా కాస్తుంది, లోపలి మూలుగలో రక్తం తయారుచేస్తుంది, కాల్షియం దాచిపెట్టి ఒంటికి కావలసినప్పుడు ఇస్తుంది. రోజూ కొంచెం కరిగి, రోజూ కొంచెం కట్టుకుంటుంది. పెద్దవాళ్లకి రెండు వందల ఆరు. పసిపిల్లలకి మూడు వందల దాకా, ఎదిగేకొద్దీ ఒకదానితో ఒకటి కలిసిపోతాయి. గట్టిదనం కాల్షియంది. విరగకుండా సాగనిచ్చే నార కొల్లాజెన్‌ది. మా వంశంలో ఆ నారే లోపం. కొందరికి తక్కువ, కొందరికి ఎక్కువ. పాపకి ఎక్కువ. పక్కటెముకలు గట్టిగా హత్తుకున్నా విరుగుతాయి. జీన్ టెస్టు వచ్చేదాకా కాగితం మీద ఖాయం చెయ్యలేను, ఆరు వారాలు పడుతుంది అంది.

అల్లుడు వారం తర్వాత మొదటిసారి నోరు విప్పాడు. సిమెంటు బాగానే ఉంది, లోపల ఊచలే సరిపోలేదన్నమాట అన్నాడు. డాక్టరమ్మ, సరిగ్గా అదే, నాకే తట్టలేదు చూడండి అంది. అతను తల ఊపి మళ్లీ చేతులు చంకల్లోకి తోసుకున్నాడు.

నా ఏడో ఏటి విరుపు ఎక్కడుందో చూపించమని అడిగాను. నాలుగు ఫిల్ములూ వెతికింది. లేదండీ, చిన్నప్పటివి చాలావరకు చెరిగిపోతాయి, పదేళ్లకోసారి ఎముక దాదాపు కొత్తదవుతుంది అంది.

అంటే నాన్న పట్టుకున్న ఎముక నాలో లేనే లేదు. నా పుస్తకంలోనే ఉంది. ఆరు ముద్రణలు.

జూలై 16

శిశు గృహానికి ఫోన్. పాపని కాళ్లు పట్టి ఎత్తకండి, చంకల కింద పట్టుకోకండి, పిరుదుల కిందా తల కిందా అరచేతులు పెట్టి ఎత్తండి అని చెప్పాను. ఆయా పాపం ఓపిగ్గానే విన్నది. ముప్పై మంది పిల్లలమ్మా, ముగ్గురం ఆయాలం, అరచేతులు ఎన్నని పెట్టమంటారు అంది. ఆఫీసు నుంచి కాగితం తెమ్మంది.

ఆఫీసువాళ్లు కమిటీని అడగమన్నారు. కమిటీ శుక్రవారం కూర్చుంటుందట. అప్పటిదాకా రోజుకి ఎనిమిది డైపర్లు. ఎనిమిదిసార్లు కాళ్లు పట్టి ఎత్తుతారు. నిలబడలేకపోతున్నాను, కూర్చోలేకపోతున్నాను.

జూలై 18

కమిటీ. అధ్యక్షురాలు నా దగ్గర పాఠం నేర్చుకున్న మనిషే. నేను లేచి చెప్పాను. అల్లుడు తప్పు చేయలేదు, మా నాన్న కూడా చేసి ఉండడు, నా పుస్తకం మొదటి వాక్యం తప్పు అన్నాను. ఆవిడ చాలా దయగా విన్నది. అంత దయగా నన్నెవరూ ఎప్పుడూ వినలేదు. తర్వాత, మేడం, మూడో పాఠం మీరే చెప్పారు కదా అంది. బాధితులు కుటుంబం ఒత్తిడికి లొంగి మాట వెనక్కి తీసుకుంటారు, అప్పుడే ఇంకా గట్టిగా అనుమానించండి అని. ఇంట్లో మిమ్మల్ని ఎవరైనా బెదిరిస్తున్నారా అని అడిగింది. నా కట్టు వైపు చూసింది.

కిటికీ గడియ అన్నాను.

పక్కనున్న సభ్యుడు రాసుకున్నాడు. డాక్టరమ్మ ఉత్తరం చదివి, ఖాయమని లేదు కదా, టెస్టు రానివ్వండి అన్నారు.

ఇరవై ఏళ్లు ఈ గోడ కట్టాను. ఒక్క తలుపు కూడా పెట్టలేదు. అరిచాను. ఏమేం అరిచానో గుర్తు లేదు. అమ్మాయి నన్ను బయటికి నడిపించింది. వారం తర్వాత మొదటిసారి ముట్టుకుంది. మోచేయి దగ్గర, రెండు వేళ్లతో.

జూలై 19

మూడో పాఠం కాదు, పుస్తకం మొత్తం చించుతానంటే మా అమ్మ కాగితాలు లాక్కుంది. ఎంతమంది పిల్లలు దాని వల్ల బతికారో నీకేం తెలుసు, మీ నాన్న ఉన్న ఆ ఒక్క పేజీ చించు, చాలు అంది.

జూలై 21, ఉదయం 11

శిశు గృహం నుంచి ఫోన్. పాప ఎడమ చెయ్యి విరిగింది. చొక్కా తొడుగుతుంటే.

ఇది రాసి తీరాలి. ఎవరూ చదవరు కాబట్టి రాస్తున్నాను. ఆ మాట వినగానే నాలో ఏదో గంతు వేసింది. సంతోషంతో. ఇక అల్లుడిది తప్పు కాదని నమ్ముతారు అనుకున్నాను. నాలుగు నెలల పిల్ల చెయ్యి విరిగిందంటే పెద్ద వాదన గెలిచినట్టు గంతు వేసింది. తర్వాత సింకులో వాంతి చేసుకున్నాను.

మధ్యాహ్నం 2

ఆయాని సస్పెండ్ చేశారట. చూశారా! ఎముక విరిగితే ముందు ఒక పేదమనిషి చేతులు వెతకాలి. ఇది నేర్పింది ఎవరు? నేనే.

జూలై 23

రెండోసారి కమిటీ. ఈసారి నేను ఉపన్యాసం ఇవ్వలేదు. నా ఫిల్ములు నాలుగూ, పాపవి మూడూ బల్ల మీద వరసగా పరిచాను. వీటిలో మా నాన్న వేలిముద్ర ఎక్కడుందో చూపించండి అన్నాను. అల్లుడిది ఏదో, ఆయాది ఏదో చూపించండి. ఎముక విరిగిందని మాత్రమే చెబుతుంది. ఎవరు, ఎందుకు అన్నది మనం పలికించాం, ఎక్కువగా నేనే పలికించాను అన్నాను. డాక్టరమ్మ వచ్చి గంటసేపు కూర్చుంది. ఆయాని వెనక్కి పిలుస్తామన్నారు.

పాపని ఇంటికి ఇచ్చారు. టెస్టు వచ్చేదాకా షరతు ఒకటి. తండ్రి పాపని ఎత్తుకునేటప్పుడు అమ్మమ్మ దగ్గరుండి చూడాలి. మేడం అయితే మాకు ధైర్యం అన్నారు.

నేను. కాపలా.

జూలై 26

అల్లుడు పాపని ముట్టుకోవడం లేదు. పని నుంచి వచ్చి, స్నానం చేసి, ఉయ్యాలకి మూడడుగుల దూరంలో కూర్చుంటాడు. పాప అతన్ని చూసి కాలు ఆడిస్తుంది, కట్టున్న కాలే. అత్తయ్యగారూ, మీరు చూస్తుంటే నా చేతులు వణుకుతున్నాయి, వణికే చేత్తో ఎలా ఎత్తను అన్నాడు. నిష్ఠూరంగా కూడా అనలేదు.

జ్వరం వచ్చినప్పుడు నాన్న గుమ్మం దాకా వచ్చేవాడు. ఇవాళ గుర్తొచ్చింది. అక్కడ నిలబడేవాడు, చేతులు చంకల్లో పెట్టుకుని.

మా అమ్మని అడిగాను. మళ్లీ విరుగుతావేమోనని భయం, ఇంకేముంది, ఎన్నిసార్లు చెప్పాను నీకు అంది. చెప్పలేదు. లేదా చెప్పింది, నేను వినలేదు.

ఆగస్టు 3, ఆదివారం, ఉదయం 8

ఇవాళ గోడవైపు తిరిగి నిలబడ్డాను. పాపని ఎత్తుకో అని అల్లుడితో అన్నాను. కమిటీ అడిగితే చూశాననే చెబుతాను.

వెనక ఉయ్యాల కదిలింది, ఆ చప్పుడు మాత్రం రాలేదు. ఒకటి నుంచి లెక్కపెట్టడం మొదలుపెట్టాను. రెండు వందల ఆరు దాటింది. పసిపిల్లలకి ఎముకలు ఇంకా ఉంటాయి. ఆపలేదు.