గుడ్డపీలిక కట్టిన మొక్క

మస్తాన్‌బీ పెద్దమ్మా,

నువ్వు పోయిన ఏడాదికి, నిన్న ఢిల్లీలో సైన్సు అకాడమీ వాళ్ళు నన్ను సభ్యుడిగా చేర్చుకున్నారు. ఎండు తెగులును తట్టుకునే మిరప వంగడం కనిపెట్టినందుకట. శాలువా కప్పి, పెద్ద పుస్తకంలో సంతకం పెట్టించారు.

ప్రత్తిపాడులో నీ మిరప చేనంతా తెగులుకి ఎండిపోయిన ఏడు, పచ్చగా మిగిలిన ఒక్క మొక్కకి నువ్వు చీరచెంగు చింపి కట్టావు, కోతకొచ్చినవాళ్ళు ముట్టకుండా. "విత్తనానికుంచా సారూ. నువ్వూ నాలుగు కాయలు పట్టుకుపో" అంటూ, చేను చూడ్డానికొచ్చిన నా సంచిలో వేశావు.

అకాడమీకి పంపిన కాగితాల్లో "ఒక రైతు పొలం" అని మాత్రమే రాశాను. నీ పేరుకి చోటు లేక కాదు.

సభ అయ్యాక ఒక పెద్దాయన అడిగారు: "అంత చేలో ఆ ఒక్క మొక్కనీ ఎలా పట్టుకున్నారండీ?"

"చూడగానే తెలిసిపోయిందండీ" అన్నాను.

గుడ్డపీలిక కట్టిన మొక్క ఎవరికి కనపడదు, పెద్దమ్మా?