వెనక్కి చూడని కొండదారి

బావమరిది రాజారత్నానికి ప్రభువు పేర వందనాలు.

మూడు రోజుల ప్రార్థన నడకలో ఇది రెండోరోజు. తలకోన కొండెక్కేటప్పుడు ఎవరూ వెనక్కి చూడరాదని నేనే ప్రకటించాను. బైబిలులో అలా వెనక్కి చూసిన లోతుగారి భార్య ఉప్పుస్తంభమైంది కదా. అందుకే చెప్పు తెగి మీ అక్క జ్ఞానాంబ ఆగిపోయినా ఎవరికీ తెలియలేదు.

తెలిశాక, ముఖం కొండవైపే ఉంచి, మైలు దూరం వెనక్కి వెనక్కి నడిచి దిగాను. "రా, పోదాం" అన్నాను.

"నా మొగం సూసి పిలువు. నీ ఈపుతో నేను కాపురం సెయ్యలేను" అనింది.

"ముందుకొచ్చి నిలబడు, చూస్తా."

"నువ్వే తిరుగు."

పొద్దుటి నుంచి ఆమెకు వీపు పెట్టి కూర్చున్నాను. భార్య కోసం తిరగవచ్చని దేవుని వాక్యంలో ఎక్కడా దొరకలేదు. కట్టెలవాడితో ఈ చీటీ పంపుతున్నాను. వెంటనే వచ్చి నన్ను బలవంతంగా తిప్పు. అప్పుడు దోషం నాది కాదు. నాకూ ఆమెను చూడాలనే ఉంది.

మీ బావ