అంగడి పరుపు

ప్రొద్దుటూరు, 1958, శుక్రవారం

రెండేళ్ల బి.కాం. ఏడాదిలో ముగించానని విని, నేను మునుపు పనిచేసిన బట్టలంగడి రామయ్య ఈరోజు పిలిపించాడు. బొంబాయి మిల్లుకు ఇంగ్లీషులో జాబు రాయాలట. నేను గడప దాటలేదు.

"ఏందప్పా, ఆడనే నిలబడుకోనుండావు? లోపలికి రా."

"గుమస్తాగాడు పరుపు మీద కూర్చోగూడదని మెడబట్టి లేపింది నువ్వే గదా మామా!"

అంగడి నిండా బేరగాళ్లు. అందరూ చూస్తుండగా ఆయన లేచి, తన దిండు నాకు వేశాడు. కూర్చున్నాను. ఆయన పక్కన కూర్చోబోతే వెలుతురుకు అడ్డమన్నాను. పాపం, విషయమంతా నిలబడే చెప్పాడు.

ఏడాదిలో డిగ్రీ ముగించిన నేను, ఆ అరపేజీ జాబుకు పొద్దుగూకేదాకా తీసుకున్నాను. ఆయనకు మోకాళ్ల నొప్పులని తెలిసే...