మామ్మ నా టీములో ఉంది

నాన్నా,

పులుసు వేడి చేసుకుని తినండి. గేదెకి కుడితి పెట్టండి. మామ్మ కనపడటం లేదని పెదపాడంతా వెతక్కండి. తాడేపల్లిగూడెం కాలేజీలో కంప్యూటర్ ప్రోగ్రామింగ్ పోటీకి నాతో తీసుకెళ్తున్నాను.

నాతో రావాల్సిన గుల్నాజ్‌కి ఆటలమ్మ పోసింది. ఒక్కదాన్నే వస్తానని ఫోన్ చేస్తే, టీముకి ఇద్దరుండాల్సిందే అన్నారు. ఇద్దరూ విద్యార్థులైతే చాలట, ఎక్కడ చదివినా ఫర్వాలేదట. మామ్మ రాత్రిబడికి వెళ్తోంది కదా! "మా మామ్మండీ, వయోజన విద్య చదువుతోందండీ" అని ఉన్నమాటే చెప్పాను. ఫోనెత్తిన సారు "గుర్తింపు కార్డు ఉందామ్మా?" అన్నారు. రాత్రిబడి పంతులుగారు పొద్దున్నే కాగితం రాసి ముద్ర కొట్టిచ్చారు. మొదటి సంవత్సరం అని కూడా రాశారు.

మామ్మ క్రిస్మస్‌కి కొన్న చీర కట్టుకుంది. సంచిలో పలక పెట్టుకుంది. "నువ్వు ఊరికే నా పక్కన కూర్చో మామ్మా" అన్నాను. "ఊరికే కూర్చోడానికి అంత దూరం ఎందుకే? ఆ కంప్యూటరు నన్నేదైనా అడిగితే నేనూ చెబుతాను" అంది.

కిందటేడు మిమ్మల్ని తోడు రమ్మంటే చేపల చెరువుకి మేత వెయ్యాలన్నారు. నేను పోటీ మానేశాను. మామ్మ మాత్రం బస్సు ఎన్నింటికని ఒక్కటే అడిగింది.

క్యాథరిన్

టీముకి పేరు పెట్టమంటే "యేసమ్మ అండ్ కో" అని మామ్మే రాయించింది. రేపు పేపర్లో మామ్మ పేరు కనిపిస్తే ఏమైపోయిందోనని కంగారుపడి ఏడవకండి. మేం గెలిచామన్నమాట.