బడి సీను

అమ్మా,

నువ్వు పోయి నేటికి ఏడాది. మన జహీరాబాద్‌లో వీడియో క్యాసెట్ల దుకాణం పెట్టారు. ఇక ఏ పాత సినిమా క్యాసెట్‌గా వస్తుందోనని అక్కడ రోజూ వాదులాటే. కోహీర్‌లో డేరా టాకీసు వేసినప్పుడు నువ్వు చూసొచ్చిన సినిమా కూడా వస్తుందంటున్నారు.

ఆ సినిమా ఆఖర్లో రైతు తన బిడ్డను బడికి పంపుతాడని చెప్పే కదా, నన్ను బర్రెల వెంట పంపాలనుకున్న బాపును ఒప్పించావు? నేనిప్పుడు టీచరును.

దుకాణం ఖలీల్ చాచాను ఆ సీను గురించి అడిగితే నవ్వాడు.

"బడి యాడిది బిడ్డా? ఆఖర్ల ఆ పిల్ల పెండ్లి ఐతది."

నమ్మకం కుదరక అక్కడున్న పెద్దవాళ్లను కూడా అడిగాను. వాళ్లూ పెండ్లే అన్నారు. ఆ కథ చెప్పిన రోజు నువ్వు బాపు వైపు చూడకుండా జొన్నరొట్టెలు కొడుతూనే ఉన్నావని ఇప్పుడు గుర్తొస్తోంది.

బాపుకు మాత్రం ఏ అనుమానమూ లేదు. "క్యాసెట్ రానీ, మీ అమ్మ చెప్పిన బడి సీను నేను గూడ చూస్త" అని ఎదురుచూస్తున్నాడు.

"క్యాసెట్లల్ల శానా సీన్లు కోసేస్తరట బాపూ" అని ఇప్పటినుంచే చెప్పిపెడుతున్నాను.